నేలమీది చిత్తరువులు, కొండమీది చూపు

ఈ నెల మన ముచ్చట యోర్దాను దేశమును గూర్చి. మన సీమనుండి జెరూసలేము యాత్రకు పోవు క్రైస్తవ సోదరీమణులు కొందఱు ఆ దేశమును గూడ చూచి వత్తురు. 2019వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు, ఏటికి మూడు లక్షల రూపాయలలోపు రాబడిగల యాత్రికుల కిచ్చు సహాయమును 60,000 రూపాయలకు పెంచిరి. కావున మా తుమ్మలపల్లె వంటి యూళ్ళవారికిని ఆ చోట్లు వినని పేళ్ళు కావు.

అమ్మాను నగరమునకు నైరుతి దిక్కున సుమారు 30 కిలోమీటర్ల దూరమున మాదబా యను ఊరు గలదు. అచ్చటి సెయింటు జార్జి దేవాలయపు నేలమీద ఆఱవ శతాబ్దినాటి దేశపటమొకటి యున్నది. మనము కడపరాళ్ళు పఱచిన వాకిట పిండితో ముగ్గు దీర్తుము. వారు గోరంతేసి రంగురాళ్ళను తడి సున్నపు గచ్చులో నొక్కి ముగ్గు దీర్చిరి. మనది మఱునాటి చీపురుతో పోవును, వారిది నిలిచినది. అందు జెరూసలేము వీథులు, కోటగుమ్మములు, గ్రీకు అక్షరములలో ఊళ్ళ పేళ్ళు గలవు. యోర్దాను నదిలోని చేప యొకటి మృతసముద్రపు ఉప్పునీటికి వెఱచి వెనుకకు మరలి యెదురీదుచున్నది! పుస్తకములో ఆ బొమ్మ చూచి మా పిల్లలెంత నవ్విరో!

అయితే ఆ పట మిప్పుడు పూర్ణముగా లేదు. 1884లో అది కంటబడిన పిదప, ఆ చోటనే క్రొత్త దేవాలయము లేచుసరికి కొంత భాగము నశించినది.

మాదబాకు వాయవ్యమున సుమారు 10 కిలోమీటర్ల దూరమున నెబో పర్వతము. ఐగుప్తు దాస్యమునుండి తన జనులను విడిపించి, 40 ఏండ్లు ఎడారిలో నడపిన మోషే, 120 ఏండ్ల వయస్సున ఈ కొండ యెక్కి, దేవుడు వారి కిచ్చెదనన్న దేశమును కన్నులార జూచెనని బైబిలు ద్వితీయోపదేశకాండము కడపటి అధ్యాయము చెప్పును. అందడుగిడుటకు మాత్ర మాయనకు అనుజ్ఞ లేదు. చూచి, ఈవలనే కన్నుమూసెను. నేడును అచ్చట నిలిచినచో దిగువను మృతసముద్రము, యెరికో లోయ కనబడును. ఆకాశము తేటగా నున్ననాడు జెరూసలేము సయితము కానవచ్చును.

ఆ కొండమీది దేవాలయమున మఱియొక వింత గలదు. 1976లో అచ్చటి రంగురాళ్ళ నేల నొకదానిని లేవనెత్తగా, దానిక్రింద అంతకంటె పాతనేల బయల్పడెను. సింహముతో పోరాడు వేటగాండ్రు, మేకల కాపరి, నిప్పుకోడిని నడిపించుకొనిపోవు మనుష్యుడు, అన్నియు చక్కగా నిలిచియున్నవి. 530వ సంవత్సరము ఆగష్టు నెలయనియు, పనివారు సోయెలోసు, కయోమోసు, ఏలియా యనియు అందే వ్రాయబడియున్నది. 597లో దానిని కప్పి క్రొత్తనేల వేసిరి. అట్లు కప్పుటచేతనే అది 1,400 ఏండ్లకు సైతము మనకు దక్కినది.

మోషే తాను చూచిన నేలను త్రొక్కలేదు. ఆ పనివారు తమ పనిని మెచ్చు మనలను చూడలేదు. అయినను ఒకడు దారి చూపుట మానలేదు. వారు రాయి ప్రక్కన రాయి సరిగా కూర్చుట మానలేదు. పొయ్యియొద్దను తొట్టెలయొద్దను మనము చేయు పనియు అట్టిదే. దాని ఫలమును చూచువారు వేఱొకరు.

అంతదూరము పోలేనివారికి మన జిల్లాలోనే ముద్దనూరు చెంత చింతకుంట రాతిగుట్టలు గలవు. చరిత్రకు ముందరి మనుష్యులు ఎఱ్ఱని, తెల్లని రంగులతో అచ్చట బొమ్మలు వ్రాసిరి. అవి ఏ గచ్చుక్రిందను దాగియుండలేదు. చేయి చాచిన అందును. గండికోట లోయ చూడబోవు నపుడు వీనిని గూడ చూచి రండు. పిల్లలను వెంటబెట్టుకొనిపోయినచో, వారి చేత సుద్దముక్క గాని, బొగ్గుముక్క గాని లేకుండ చూచుకొనుడు.