ఉద్యోగి చదువుకు గంటల లెక్క

ఇతర సబ్జెక్టుల్లో డిగ్రీ చేసినవారు కంప్యూటర్ల వైపు రావడానికి మన దగ్గర ఏళ్లుగా ఉన్న పెద్ద దారి ఎంసీఏ. 2020లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ దాన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించింది. బీసీఏ చదివినవారికి ఇది మేలే చేసింది, చదివిందే మళ్లీ చదివే బాధ తప్పింది. బీకాం, బీఏ, ఫిజిక్స్ వాళ్లకు మాత్రం పునాది వేసుకునే ఏడాది కాస్తా పోయి, దాని స్థానంలో బ్రిడ్జి కోర్సు మిగిలింది. ఇగ్నో ఎంసీఏనే చూడండి. కంప్యూటర్ నేపథ్యం లేనివారు అదనంగా రెండు పేపర్లు చదవాలి: సి, పైథాన్ ప్రోగ్రామింగ్ ఒకటి, డేటా స్ట్రక్చర్స్ ఇంకొకటి. రెండూ ప్రోగ్రామింగ్‌కు సంబంధించినవే. నెట్‌వర్క్‌ల వైపు వెళ్లాలనుకునేవారికి ఆ బ్రిడ్జిలో ఏమీ లేదు.

నిజానికి బయటివారిని తేలిగ్గా కలుపుకోగల శాఖ నెట్‌వర్కింగే. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ ఆలోచనకు బీజం వేసిన లిక్‌లైడర్ మనస్తత్వ శాస్త్రవేత్త. టీసీపీ/ఐపీ రూపకర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ గణితంలో డిగ్రీ చేసి, ఐబీఎంలో ఉద్యోగం చేశాకే కంప్యూటర్ పీజీకి వెళ్లారు. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఫిజిక్స్. కంప్యూటర్ డిగ్రీలే అరుదైన కాలం వాళ్లది, ఒప్పుకోవాల్సిందే. అయినా ఈ విద్య స్వభావం అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఆఫీసులో ఇంటర్నెట్ వస్తోంది, సర్వర్ మాత్రం తెరుచుకోవడం లేదు. లోపం కేబుల్‌లోనా, ఐపీ అడ్రస్‌లోనా, రూటింగ్‌లోనా, డీఎన్ఎస్‌లోనా, ఫైర్‌వాల్‌లోనా? ఒక్కో పొరనూ పరీక్షించి, అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేయాలి. బ్యాంకు ఖాతాల్లో తేడా ఎక్కడొచ్చిందో వెతికినవారికి ఈ పద్ధతి కొత్త కాదు.

మొదట్లో కావలసిన గణితమూ భయపెట్టేది కాదు. 256 అడ్రస్‌ల నెట్‌వర్క్‌ను నాలుగు సబ్‌నెట్లు చేస్తే ఒక్కోదానికి 64, మొదటిదీ చివరిదీ తీసేస్తే యంత్రాలకు దక్కేవి 62. రెండు యొక్క ఘాతాలు, బైనరీ తెలిస్తే చాలు. క్రిప్టోగ్రఫీ లోతుల్లోకి దిగినప్పుడు అసలు గణితం వస్తుంది, అప్పుడు నేర్చుకోవచ్చు. ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం ఉండితీరాలని షరతు పెట్టి బైపీసీ వాళ్లను గడప దగ్గరే ఆపేయడం నెట్‌వర్క్ చదువు విషయంలో అర్థం లేని పని.

అసలు చిక్కు సమయంతోనే. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, క్రెడిట్‌కు పది గంటల లెక్కన 1,800 గంటల శ్రమ. అక్కడ వేరే డిగ్రీల వారి కోసమే నడిచే ‘కన్వర్షన్’ ఎంఎస్సీలను పూర్తికాలం వాళ్లు ఏడాదిలో ముగిస్తారు, ఉద్యోగులకు రెండు మూడేళ్లు పడుతుంది. మన జాతీయ క్రెడిట్ విధానంలో ఏడాదికి 1,200 గంటలు, రెండేళ్ల పీజీకి 2,400. ఉద్యోగం, ఇల్లు, ట్రాఫిక్ పోగా వారానికి 15 గంటలు మిగలడమే గొప్ప. అలా లెక్కేసినా 160 వారాలు, సెలవులు పండగలు కలుపుకోకుండానే మూడేళ్ల పైమాట. అంటే పని చేస్తూ చదివే బీకాం పట్టభద్రుడికి కావలసింది ఇంకా నిదానంగా సాగే కోర్సు. మనం ఉన్న కోర్సును ఇంకా పొట్టి చేశాం. ఇగ్నో నాలుగేళ్ల వరకు గడువిస్తుంది, కొంత ఊరట. కానీ దూరవిద్యలో రూటర్ ముందు కూర్చోబెట్టి తప్పు చేయించి దిద్దే మనిషి దొరకడం కష్టం.

ఆ ఖాళీని హైదరాబాద్‌లోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు నింపాయి. సిస్కో సీసీఎన్ఏ కోచింగ్‌లను చిన్నచూపు చూడనక్కర్లేదు, మొదటి ఉద్యోగం చాలామందికి అక్కడి నుంచే వస్తుంది. అయితే సీసీఎన్ఏ సర్టిఫికెట్‌కు ఆయుష్షు మూడేళ్లే, తర్వాత పునరుద్ధరించుకోవాలి. పరీక్ష కోసం బట్టీపట్టిన కమాండ్ పరికరం తయారుచేసిన కంపెనీ మారితే మారిపోతుంది. పైగా కమాండ్ తెలియడం ఒక్కటే సరిపోదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోవడానికి మూలం నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం. వెన్నెముక లాంటి అంతర్గత నెట్‌వర్క్ తెగిపోయింది, దాంతో డీఎన్ఎస్ సర్వర్లకు దారి చూపే బీజీపీ ప్రకటనలు ఆగిపోయాయి. ఒకటి పడితే ఇంకొకటి ఎందుకు పడిందో అర్థం కావాలంటే ఈ వ్యవస్థలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడ్డాయో తెలియాలి. పీజీ చదువు నేర్పాల్సింది అది.

పార్ట్‌టైం విద్యార్థికి ఇందులో ఒక అనుకూలత ఉంది. పగలు పనిచేసే ఆఫీసులోనే నెట్‌వర్క్ ఉంటుంది, రాత్రి చదివిన వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌ను విడి భాగాలుగా చేసే పద్ధతి) మర్నాడు కళ్లెదుట కనిపిస్తుంది. ప్యాకెట్ ట్రేసర్, వైర్‌షార్క్ లాంటి సాధన సాఫ్ట్‌వేర్లు ఉచితం కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ మీదే సాధన మొదలవుతుంది. అమెరికా వెళ్లి ఐటీకి మారే మన సివిల్, మెకానికల్ పట్టభద్రులకు పార్ట్‌టైం చదివే సౌలభ్యం లేదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు పూర్తికాలం చదవాల్సిందే, ఫీజులు ఎంతైనా కట్టాల్సిందే.

ఇక్కడ పని చేస్తూ చదివేవారికి దారి తీయడానికి కొత్త చట్టాలేవీ అక్కర్లేదు. క్రెడిట్లను ఏడేళ్ల దాకా దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచే ఉంది. ఉస్మానియా సాయంత్రం ఎంబీఏ నడిపింది. అదే పద్ధతిలో పేపర్‌కు ఇంత అని ఫీజు తీసుకుని, మొదటి ఏడాది పునాదికే కేటాయించి, వారాంతాల్లో ల్యాబ్ తెరిచే నాలుగేళ్ల నెట్‌వర్క్ పీజీని ఏ విశ్వవిద్యాలయమైనా మొదలుపెట్టవచ్చు. ఖర్చు ప్రధానంగా ల్యాబ్‌లో ఉండి నేర్పేవారి జీతాలకే అవుతుంది. దూరవిద్య విభాగాల ఫీజుల రాబడిలో కొంత అటు మళ్లిస్తారా అన్నది పాలకమండళ్లు తేల్చాలి.