పరీక్షకునికి గడువు లేదా?

గడువు ఉభయపక్షములను బంధించినప్పుడే న్యాయమనిపించుకొనును. ఒక్క పక్షమునే బంధించినచో అది న్యాయము కాదు, అధికారము. న్యాయస్థానములలో కాలము గడుపుచున్న మాకు ఇది ఓనమాలనాటి పాఠము. కాని మన విశ్వవిద్యాలయములలో డాక్టరు పట్టమునకై పరిశోధన గ్రంథము నర్పించు విద్యార్థుల విషయమున ఈ పాఠము తలక్రిందులైనది. వ్రాయువానికి దినములకు లెక్క కలదు. చదువవలసినవానికి సంవత్సరములకును లెక్క లేదు.

కొలది నెలల క్రిందట ఒక యువకుడు మా కచేరికి వచ్చెను. చెరువుల క్రింది సేద్యమును గూర్చి 6 ఏండ్లు శ్రమించి గ్రంథము వ్రాసినవాడు. రుసుము చెల్లించెను, అట్టలు కట్టించిన ప్రతులను కార్యాలయమున నర్పించెను, రసీదు పుచ్చుకొనెను. నాటినుండి 14 మాసములు గడచెను. ఎవరి నడిగినను "పరీక్షకులకు పంపితిమి" అనుటయే. తుదకు గట్టిగ విచారింపగా తేలినదేమి? పరీక్షకుల పట్టికపై ఒక సంతకము పడనందున మొదటి 8 మాసములు ఆ గ్రంథము కార్యాలయపు బీరువా దాటి బయటికే పోలేదు! హైకోర్టులో రిట్టు వేయుదమా యని అడిగితిమి. "వద్దండీ. కోర్టుకు పోయినవాడనని తెలిసిన రేపు మౌఖికపరీక్షలో నా గతి యేమి?" అని అతడు చేతులు జోడించెను.

ఆ విశ్వవిద్యాలయము పేరు మేము చెప్పము. చెప్పిన ఆ యువకునికే కీడు. ఉద్యమములలో స్వచ్ఛందసేవకులుగ తిరిగిన మేము లాఠీకి జంకని పిల్లలను చూచితిమి. అట్టి వయస్సువారే ఒక గుమాస్తా బల్లయెదుట జంకి నిలుచుట ఇప్పుడు చూచుచున్నాము. ఈ భయమే మాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

నిబంధనలు లేకపోలేదు. 2022 నవంబరు 7వ తేదీని యూజీసీ ప్రకటించిన నిబంధనలను చూడుడు. విద్యార్థి ప్రవేశించిన నాటినుండి 6 ఏండ్లలో గ్రంథము ముగింపవలెను. తిరిగి నమోదు చేసికొనినచో మఱి 2 ఏండ్లు. స్త్రీలకును, 40 శాతమునకు మించిన అంగవైకల్యము గలవారికిని ఇంకను 2 ఏండ్లు. అంతతో ద్వారము మూయబడును. 2018 నాటి గ్రంథచౌర్య నివారణ నిబంధనలు ఇంతకంటెను కఠినములు. ఇతరుల వ్రాతతో పోలిక 10 శాతము దాటి 40 వఱకు ఉన్నచో 6 మాసములకు మించని గడువులో సవరించి మరల నర్పింపవలెను. 40 దాటి 60 వఱకైనచో ఒక యేడాది వఱకు మరల నర్పింపనే రాదు. 60 దాటినచో నమోదే రద్దు. వీనిలో దేనిని మేము ఆక్షేపింపము. సోమరికిని, చోరునికిని శిక్ష ఉండవలసినదే.

ఇక పరీక్షించువారి సంగతి? గ్రంథము నర్పించిన నాటినుండి 6 మాసములలో మౌఖికపరీక్షా ఫలితముతో సహా సమస్తమును పూర్తియగునట్లు విశ్వవిద్యాలయము "తగిన పద్ధతులు" ఏర్పఱచుకొనవలెనట! 2016 నిబంధనలలోను దాదాపు ఇదే మాట. న్యాయవాదులమైన మేము ఈ వాక్యమును పలుమారులు చదివితిమి. ముగింపవలెనని యందు లేదు; ముగియుటకు పద్ధతు లేర్పఱుపవలెనని మాత్రమే యున్నది. ముగియకున్న నేమగును? ఎవరు జవాబుదారి? ఎవరికి శిక్ష? నిబంధన మౌనము వహించినది. బయటి పరీక్షకు లిద్దరుండవలెననియు, వారిలో నొకరు దేశాంతరమువారైన మేలనియు, ఒకరు నిరాకరించినచో గ్రంథమును మఱియొకరికి పంపవలెననియు వ్రాసిరి. అన్నియు మంచివే. కాని ఒక్కొక్క పరీక్షకుడు ఎన్ని దినములలో తన నివేదిక పంపవలెనో చెప్పుటకు చేతులు రాలేదు.

ఈ మౌనమునకు వెల చెల్లించువాడు విద్యార్థియే. యూజీసీ వారి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు 5 ఏండ్లు నిండిన నాటికో, గ్రంథ మర్పించిన నాటికో, ఏది ముందు వచ్చిన దానితో ముగియును. అనగా గ్రంథమును చేతికిచ్చిన నాడే భృతి ఆగును. పట్టము మాత్రము రాదు. నెట్టు, సెట్టు పరీక్షలలో నెగ్గనివారికి కళాశాలలలో అసిస్టెంటు ప్రొఫెసరు పదవికి ఈ పట్టమే ఆధారము. ఉద్యోగ ప్రకటన వచ్చును, పోవును. తల్లిదండ్రులు "ఇంక నెంతకాలమురా?" యని అడుగుదురు. వానియొద్ద ఒక రసీదు తప్ప జవాబు లేదు.

పరతంత్ర దినములలో జరిగిన దొకటి ఇచ్చట స్మరింతము. బాబాసాహెబు అంబేద్కరు "రూపాయి సమస్య" యను గ్రంథమును డి.ఎస్‌సి. పట్టమునకై లండను విశ్వవిద్యాలయమున కర్పించెను. ఆంగ్ల ప్రభుత్వము మన దేశమున నడపిన నాణెముల విధానమును ఆయన అందు ఖండించెను. మొదట అర్పించిన రూపమున పరీక్షకులు దాని నంగీకరింపలేదు. ఆయన బొంబాయికి తిరిగి వచ్చి, సవరించి, 1923 ఆగష్టులో మరల నర్పించెను. ఆ నవంబరులోనే అంగీకారము వచ్చెను. ఆయన ఆచార్యుడు ఎడ్విన్ కానన్, గ్రంథములోని వాదములు పెక్కింటితో తా నేకీభవింపనని చెప్పుచునే, దానికి పీఠిక వ్రాసెను. పరపాలకులను పొగడుట మా యుద్దేశము కాదు. కాని టపా ఓడలపై సముద్రము దాటు ఆ దినములలో, తమ ప్రభుత్వమునే తప్పుపట్టిన గ్రంథమును వారు 3 మాసములలో తేల్చిరి. నేడు మీట నొక్కిన క్షణమున గ్రంథము ఖండాంతరములు చేరును. పాలన మనది, విశ్వవిద్యాలయము మనది, విద్యార్థి మనవాడు. అయినను ఒక సంతకమునకు 8 మాసములా!

"పాండిత్యమును గడియారముతో కొలువరాదు, తొందరపెట్టిన పరీక్ష మొక్కుబడి యగును" అని కొందఱు పెద్దలందురు. నిజమే. 6 ఏండ్ల శ్రమను ఒక్క పూటలో చదివి పాఱవేయుమని మేము కోరుట లేదు. పరీక్షకులకిచ్చు పారితోషికము స్వల్పమనియు, వారికి వేఱు పనులు పెక్కు గలవనియు ఎఱుగుదుము. కాని తీరికలేనివారు మొదటి వారముననే ఆ మాట చెప్పి గ్రంథమును త్రిప్పి పంపవచ్చును గదా! మా యువకుని గ్రంథమును 8 మాసములు ఆపినది పాండిత్యము కాదు, బీరువా తాళము.

న్యాయస్థానములు తమ ఆలస్యమును తామే గుర్తించినవి. 2001లో అనిల్ రాయ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు హైకోర్టులకు కట్టుబాట్లు విధించెను. వాదనలు ముగిసి 3 మాసములైనను తీర్పు రాకున్న, శీఘ్రముగ చెప్పుడని కక్షిదారు అర్జీ పెట్టుకొనవచ్చును. 6 మాసములు దాటిన, వ్యాజ్యమును మఱియొక న్యాయపీఠమునకు మార్చుడని ప్రధాన న్యాయమూర్తిని కోరవచ్చును. హైకోర్టు న్యాయమూర్తికే లేని స్వేచ్ఛ పరీక్షకునికిని, పరీక్షల కార్యాలయమునకును ఎట్లు సంక్రమించెను?

కావున మేము కోరునవి నాలుగు. గ్రంథ మర్పించుటకు ముందే పరీక్షకుల పట్టిక సిద్ధమై, అర్పించిన 15 దినములలో ప్రతులు వారికి చేరవలెను. నివేదికకు 60 దినములు గడువు పెట్టి, అది దాటిన తోడనే, విద్యార్థి అడుగకయే, గ్రంథము పట్టికలోని మఱియొకరికి పోవలెను. పరీక్షకుల పేర్లు గుప్తముగ నుంచి, గ్రంథము ఎప్పుడు పంపబడెనో, నివేదిక ఎప్పుడు వచ్చెనో ఆ తేదీలను మాత్రము అందఱును చూచునట్లు ప్రకటింపవలెను. తప్పు విద్యార్థిది కానప్పుడు, 6 మాసములు దాటిన ప్రతి మాసమునకును భృతిని విశ్వవిద్యాలయమే భరింపవలెను. నాలుగవదాని నంగీకరించినచో మొదటి మూడును వాటంతట అవియే నడచునని మా నమ్మకము.

ఇందులకు ఢిల్లీనుండి ఆజ్ఞ రానక్కఱలేదు. పద్ధతులు మీరే ఏర్పఱచుకొనుడని నిబంధనయే చెప్పుచున్నది గదా! 1918లో వెలసిన ఉస్మానియా, 1926లో వెలసిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, తరువాత మన పన్నులతో నిర్మించుకొన్న శ్రీవేంకటేశ్వర, కాకతీయ విశ్వవిద్యాలయములు — వీనిలో ఏది ముందుగా ఈ తేదీలను గోడపై వ్రాయునో దానిని తెలుగుదేశము అభినందించును. ప్రవేశమునకు గడువు వ్రాసిన చేయి తీర్పునకును గడువు వ్రాయవలెను. అంతవఱకు ఆ యువకుడు రసీదు జేబులో పెట్టుకొని మా కచేరి మెట్లెక్కుచునే యుండును. మేమును అడుగుచునే యుందుము.