దాచవలసినది, చెప్పవలసినది

హైదరాబాదు నగరమునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి వెంట ఉత్తరముగా పయనించువారికి శామీర్‌పేట చెరువు కనబడును. ఆ ప్రాంతమునందే లాల్‌గడి మలక్‌పేట్ అను గ్రామము కలదు. ఈ పరిసరములలో ఒకవైపు వరిచేలు, కూరగాయల తోటలు ఉన్నవి. మరియొకవైపు జీనోమ్ వ్యాలీ అను పేర మందులను, టీకాలను రూపొందించు పరిశోధనాలయములు వెలసినవి. తెల్లవారినంతనే కూరగాయల గంపతో సంతకు పోవు రైతు, మెడలో గుర్తింపు చీటీతో పనికి పోవు ఉద్యోగి ఒకే త్రోవలో ఎదురుపడుదురు. వారి వృత్తులు వేరు, చదువులు వేరు. అయినను ఇరువురి జేబులలోను అరచేతిలో ఇమిడిపోవు చిన్న కార్డు కలదు. ఇరువురి కష్టార్జితమునకును అదియే తాళపుచెవి.

ఈ కార్డులు ముఖ్యముగా రెండు విధములు. డెబిట్ కార్డు మనము ఖాతాలో దాచుకొన్న సొమ్మును తీయును. క్రెడిట్ కార్డు బ్యాంకు మనకిచ్చు అప్పును తీయును. కావున మొదటిది దొంగ చేతబడినచో ఉన్న సొమ్ము పోవును. రెండవది దొంగ చేతబడినచో చేయని అప్పు నెత్తిపై పడును.

సొమ్మునిచ్చు యంత్రము, అనగా ఏటీఎం, 1967 జూన్ 27వ తేదీన లండను శివారైన ఎన్‌ఫీల్డులో ఒక బ్యాంకు శాఖవద్ద ప్రారంభమైనది. దానిని రూపొందించిన జాన్ షెపర్డ్ బారన్ మన దేశమునందలి షిల్లాంగులో జన్మించినవాడు. రహస్య సంఖ్యలో ఆరు అంకెలుండవలెనని ఆయన మొదట తలచెననియు, నాలుగింటికంటె ఎక్కువ జ్ఞాపకముంచుకొనలేనని భార్య చెప్పగా నాలుగింటితో సరిపెట్టెననియు ఆయనయే చెప్పియున్నాడు. మన దేశమున ఇట్టి యంత్రము 1987లో బొంబాయి నగరమున మొదట వెలసినది. ఆలోచింపుడు! ఒక కుటుంబము ఏడాదియంతయు చిందించిన చెమటకును, దొంగ చేతికిని నడుమనున్న గోడ నాలుగు అంకెలు మాత్రమే. ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు చెప్పిన మాట ఈ అంకెల విషయమున అక్షరాల నిజము.

దొంగలు ఈ గోడను దాటుటకు పలు ఉపాయములు పన్నిరి. ఏటీఎంలో కార్డు దూర్చు చోట పలుచని పరికరమునమర్చి కార్డు వెనుకనున్న నల్లని అయస్కాంతపు పట్టీలోని వివరములను దొంగిలించుట ఒకటి. అంకెలు నొక్కునప్పుడు చూచుటకై పైన చిన్న కెమెరాను దాచుదురు. యంత్రము వాడుక తెలియని వృద్ధునకు సాయపడునట్లు నటించి, ఆయన కార్డును తాముంచుకొని అటువంటి వేరొక కార్డును చేతిలో పెట్టుట మరియొకటి. మొదటి మోసమునరికట్టుటకై రిజర్వు బ్యాంకు పట్టీ కార్డుల స్థానమున చిప్పు కార్డులను 2018 డిసెంబరు 31వ తేదీలోగా ఇయ్యవలెనని బ్యాంకులను ఆదేశించినది. కార్డు వాడుకను ఎప్పుడు కావలసిన అప్పుడు నిలుపుటకును, తిరిగి తెరచుటకును ఖాతాదారునకు వీలు కల్పింపవలెనని 2020లో నిర్ణయించినది. చిప్పునకు నకలు తీయుట మిక్కిలి కష్టము. యంత్రము ఇట్లు గట్టిపడగా, దొంగలు యంత్రముకంటె మెత్తనివాడైన మనుష్యుని ఆశ్రయించిరి.

ఏ ఊరనైనను జరుగదగిన ఒక సంగతిని ఊహింతము. ఒక రైతు వడ్లు అమ్మగా అరువదివేల రూపాయలు ఖాతాలో పడినవి. ఒకనాటి ఉదయము ఆయన ఫోను మ్రోగినది. "అయ్యా! బ్యాంకునుండి మాట్లాడుచున్నాను. మీ కార్డు ఈ సాయంత్రముతో నిలిచిపోవును. నిలువకుండవలెనన్నచో కార్డుపైనున్న సంఖ్యను, ఇప్పుడు మీ ఫోనునకు వచ్చు ఓటీపీని చెప్పుడు" అని అవతలివాడు మర్యాదగా పలికెను. రైతు తొందరలో చెప్పెను. మరుక్షణమున ఇరువదివేలు పోయినట్లు సందేశము వచ్చినది. ఆయన గుండె జారినది. అంతలో మరల ఫోను మ్రోగినది. "పొరపాటు జరిగినదయ్యా. ఆ సొమ్ము తిరిగి వేయుదును. మరియొక ఓటీపీ వచ్చును, చెప్పుడు. ఈ సంగతి ఎవరికిని తెలియనీయకుడు" అని వాడు పలికెను. కొడుకునకు తెలిసినచో ఏమనునో, ఊరివారు నవ్వుదురేమో అని రైతు వెరచెను. ఎవరికిని తెలియకుండ సొమ్ము తిరిగివచ్చినచో చాలునని తలచి రెండవ సంఖ్యను, మూడవ సంఖ్యను కూడ చెప్పెను. ఖాతా ఖాళీ అయినది. ఆయన నోరు విప్పినది మూడవనాటి రాత్రి.

ఇందులో మొదటి ఇరువదివేలు పోవుటకు కారణము తొందరపాటు. తక్కిన నలువదివేలు పోవుటకు కారణము సిగ్గు. మోసగాని నేర్పంతయు ఇచ్చటనే ఉన్నది. మనము దాచవలసినదానిని వాడు మనచేత చెప్పించును. మనము చెప్పవలసినదానిని మనచేత దాపించును. పిన్నును, ఓటీపీని, కార్డు వెనుకనుండు మూడు అంకెలను దాచవలెను. మోసపోయిన సంగతిని వెంటనే చెప్పవలెను. ఈ రెండును తారుమారైన ఇంటనే దొంగ గెలుచును.

"చెప్పినవానిదే తప్పు, అంత తెలివితక్కువ ఏమి?" అని కొందరు బాధితుని ఎగతాళి చేయుదురు. ఈ మాట న్యాయము కాదు. 2016లో మన దేశమున పలు బ్యాంకులకు చెందిన సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రతకు భంగము కలిగినదన్న అనుమానము పుట్టి, బ్యాంకులు వానిలో ఎన్నింటినో నిలిపి క్రొత్తవి ఇయ్యవలసి వచ్చినది. అందు కార్డుదారుల తప్పేమియు లేదు. 2022 జనవరిలో హైదరాబాదునందలి ఏపీ మహేశ్ సహకార బ్యాంకు కంప్యూటర్లలోనికి దొంగలు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా తరలించిరి. ఉద్యోగులకు పంపిన మాయలేఖల మూలముననే వారికి దారి దొరికినదని పోలీసులు తేల్చిరి. భద్రతా నియమములను పాటింపనందులకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకు జరిమానా విధించినది. లెక్కలే వృత్తిగా గలవారే మోసపోయినప్పుడు పొలములో నిలిచి ఫోను ఎత్తిన రైతును చూచి నవ్వుట ఏమి సబబు? జాగ్రత్త అందరికిని అవసరమే. కాని నింద మొదట దొంగకు చెందవలెను; తరువాత ఏమరియున్న సంస్థకు చెందవలెను. బాధితుని నవ్వులపాలు చేయు ఊరిలో రేపు మోసపోవువాడు నోరు విప్పడు. అట్టి ఊరు తెలియకయే దొంగకు కాపలా కాయుచున్నది.

చట్టము కూడ వేగముగా చెప్పువాని పక్షముననే ఉన్నది. 2017 జూలై 6వ తేదీన రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తరువు ఈ విషయమున ముఖ్యమైనది. లోపము బ్యాంకుదైనచో ఖాతాదారునిపై భారముండరాదని అది చెప్పినది. లోపము బ్యాంకుదియు, ఖాతాదారునిదియు కాక వేరొకచోట నున్నప్పుడు, సమాచారమందిన మూడు పనిదినములలోగా తెలిపిన వానికి నష్టముండరాదని చెప్పినది. ఆలసించినకొలది అతడు భరింపవలసిన వంతు పెరుగును. రహస్య సంఖ్యను తానే చెప్పినవాడు సైతము, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమును మాత్రమే భరింపవలెననియు, తెలిపిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదేననియు అది నిర్ణయించినది. అనగా మన రైతు మొదటి సందేశము రాగానే బ్యాంకునకు చెప్పి కార్డును నిలిపియున్నచో, తక్కిన నలువదివేలకు కాపు దొరికియుండెడిది.

కావున మోసము జరిగినదని తోచిన క్షణముననే చేయవలసిన పనులను జ్ఞాపకముంచుకొనవలెను. మొదట కార్డు వెనుక ముద్రించిన బ్యాంకు సంఖ్యకు ఫోను చేసి కార్డును నిలిపివేయింపవలెను. ఆ సంఖ్యను ఇంటర్నెట్టులో వెదకరాదు. అచ్చట దొంగలు తమ సంఖ్యలనే బ్యాంకు సంఖ్యలుగా ప్రకటించుదురు. పిమ్మట 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది ఇట్టి మోసములకై దేశమంతటికిని ఏర్పరచిన సహాయ సంఖ్య. దొంగిలింపబడిన సొమ్ము ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు, అటనుండి ఇంకొకదానికి ప్రాకుచుండును. ఫిర్యాదు వేగముగా అందినచో, అది చేరిన ఖాతాలోనే దానిని ఆపుటకు అవకాశముండును. చేతికి నోట్లుగా మారిన తరువాత పట్టుట కష్టము. జాతీయ సైబర్ నేరముల పోర్టల్‌లో గాని, పోలీసు ఠాణాలో గాని ఫిర్యాదు వ్రాసియిచ్చి దాని సంఖ్యను పదిలపరచుకొనవలెను. పోయిన సొమ్ము రాబట్టెదము, ముందు కొంత రుసుము చెల్లింపుడని వచ్చువారిని నమ్మరాదు. వారు రెండవ దొంగలు.

ఇన్ని చిక్కులున్న కార్డు ఏల, మునుపటివలె నోట్లు ఇంటిలోనే దాచుకొనరాదా అని కొందరందురు. బియ్యపు కుండలో దాచిన సొమ్మును కూడ దొంగలు దోచిరి. చెదలు కూడ తినినవి. ఆ సొమ్ము పోయినచో ఎచ్చటికి పోయినదో చెప్పు గుర్తేదియు మిగులదు. ఖాతానుండి పోయిన సొమ్మునకు మాత్రము అడుగుజాడలుండును. కావున కార్డును విసర్జించుట కాదు, దానిని వాడుట నేర్చుటయే మేలు.

విద్యార్థులారా! ఈ విషయమున మీ బాధ్యత చిన్నది కాదు. పెక్కు ఇండ్లలో తాతకు, అవ్వకు ఫోనులోని సందేశమును చదివి చెప్పువారు మీరే. ఏ బ్యాంకును పిన్ గాని, ఓటీపీ గాని అడుగదని వారికి నచ్చచెప్పుడు. ఏటీఎంలో అంకెలు నొక్కునప్పుడు చేయి అడ్డు పెట్టుకొనుమని చెప్పుడు. పిన్ను కార్డుపై వ్రాసియుంచిన యెడల చెరిపివేయింపుడు. మీరు పెద్దవారైన పిదప, కొంత ధనమిచ్చెదము, మీ ఖాతాను, కార్డును మాకిండని అడుగువారు తటస్థపడవచ్చును. దొంగసొమ్ము నడచునది అట్టి అద్దె ఖాతాలలోనే. ఆ పాపములో పాలుపంచుకొనకుడు.

వీనిలోనెల్ల ముఖ్యమైనది వేరొకటి కలదు. ఒకనాడు మీ తాత వాడిన ముఖముతో ఒక మూల కూర్చుండి, ఫోనును మరల మరల చూచుకొనుచుండవచ్చును. అప్పుడు "ఏల చెప్పితివి?" అని గద్దింపకుడు. "తాతా! దిగులుపడవలదు, ముందు కార్డును ఆపుదము" అని ప్రక్కన కూర్చుండుడు. ఆ మాటలోని చల్లదనము ఆయన నోరు విప్పించును. దొంగలుపడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవని సామెత. మన ఇండ్లలో ఆ ఆలస్యమునకు కారణము తెలియనితనము కాదు, భయము. ఆ భయమును పోగొట్టు శక్తి ఏ యంత్రమునకును లేదు. ఇంటివారి ప్రేమకే కలదు.