ఎవరిని అడిగామన్నదే అసలు పరీక్ష

ఎంబీఏ మార్కెటింగ్ రీసెర్చ్ ప్రాజెక్టు అనగానే చాలా కాలేజీల్లో జరుగుతున్నది ఒక్కటే. గూగుల్ ఫారంలో పదిహేను ప్రశ్నలు, వాట్సాప్ గ్రూపుల్లో లింకు, వంద జవాబులు రాగానే పై చార్టులు, స్పైరల్ బైండింగ్. జవాబిచ్చిన వారంతా తోటి విద్యార్థులే అయినప్పుడు అట్ట మీద ‘హైదరాబాద్ వినియోగదారుల అభిప్రాయం’ అని వేయడం అబద్ధం. వందకు బదులు లక్ష జవాబులు తెచ్చినా ఈ లోపం పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా నమూనా బ్యాలెట్లు సేకరించి రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్‌దే గెలుపంది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కే దక్కాయి. టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి చిరునామాలు తీసుకోవడం, అడిగినవారిలో నాలుగో వంతు మందే బదులివ్వడం ఆ పత్రికను దెబ్బతీశాయి. అంతకంటే ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో సర్వే చేసిన జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. ఈ పాఠం క్లాసులో చెప్పి, అదే తప్పుకు మార్కులు వేస్తున్నాం.

సెమిస్టర్‌లో సమయం చాలదని, ఒక్కో అధ్యాపకుడు డజన్లకొద్దీ రిపోర్టులు దిద్దాలని అంటారు. రెండోది నిజమైన కష్టమే. అందుకే నలుగురికి ఒక ప్రాజెక్టు ఇవ్వాలి, ఎనభై పేజీలకు బదులు పది చాలు. ఇక సమయం సంగతి, రైతుబజారు సర్వేనే తీసుకోండి. అక్కడికి పొద్దున్నే వచ్చేవారు వేరు, సాయంత్రం మిగిలిన కూరల కోసం వచ్చేవారు వేరు. రెండు వేళల్లోనూ గేటు దగ్గర నిలబడి ప్రతి పదో మనిషిని అడిగితే ఒకటి రెండు రోజుల్లో పని పూర్తవుతుంది. జవాబివ్వకుండా వెళ్లిపోయిన వారి లెక్కా రాయించాలి. వైవాలో మొదటి ప్రశ్న ‘వీళ్లనే ఎందుకు అడిగారు?’ అని ఉండాలి. ఇంటర్నల్ మార్కుల్లో సగం ఆ జవాబుకే కేటాయించాలి.