రచ్చకీ గుట్టుకీ మధ్య

మధ్యాహ్నం పనంతా తెమిలాక, కంచంలో ఇంత అన్నం పెట్టుకుని టీవీ ముందు కూర్చునే అరగంట ఉంటుంది చూశారూ, అదొక్కటే మనకి మిగిలే టైము. ఆ టైములో నేను తెగ చూసిన వాటిల్లో కాపురాల పంచాయితీలు కూడా ఉన్నాయి. ఒక పక్క భార్య, ఇంకో పక్క భర్త, మధ్యలో తీర్పు చెప్పడానికి ఒకనాటి సినిమా తార. 'బతుకు జట్కా బండి' పేరు వినని ఇల్లు మన తెలుగునాట తక్కువ. సుమలత, జీవిత వంటి తారలు ఆ కుర్చీలో కూర్చున్నారు. వాళ్ల సంగతి సరే, ఇక్కడ చారన్నం కలుపుకుంటూ మనం చెప్పిన తీర్పులేం తక్కువా?

నేనూ ఒకటి చెప్పాను. అలాంటి ఒక కార్యక్రమంలో ఒకమ్మాయి ఊగిపోతూ లేచి మొగుడి చెంప ఛెళ్లుమనిపించింది. "అమ్మో, గయ్యాళి! పాపం వాడెలా వేగాడో" అన్నాను పక్కింటి పిన్నిగారితో. నాకు జాకెట్లు కుట్టే ఆవిడ చెల్లెలే ఆ అమ్మాయి అని చాలా రోజుల తర్వాత తెలిసింది. మెషీను మీంచి తల ఎత్తకుండా చెప్పిందావిడ.

మొగుడు ఆరేళ్లుగా వేరే కాపురం పెట్టాడు. స్టేషనుకి వెళితే సర్దుకుపొమ్మన్నారు. కులపెద్దలు "మగాడన్నాక..." అని నీళ్లు నమిలారు. లాయరుకి వాయిదా వాయిదాకీ డబ్బులు. "టీవీ వాళ్లు మాత్రం కారు పంపించారండీ. అక్కడైనా మా చెల్లి చెప్పింది చెప్పినట్టు విన్నారు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ స్టూడియోకి వెళ్లే ఆడవాళ్లని తెలివితక్కువవాళ్లని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, మిగతా గడపలన్నీ ఎక్కి దిగాకే చాలామంది ఆ మెట్లు ఎక్కుతున్నారు.

షూటింగు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగిందట. మనకి చూపించింది అరగంట. కూతురు తనకి పుట్టలేదన్నాడట మొగుడు. ఆ మాట తెర మీదకి రాలేదు. దానికి జవాబుగా పడిన చెంపదెబ్బ మాత్రం వచ్చింది, ప్రకటనలో అయితే మూడుసార్లు. అతగాడు చివర్లో కళ్లనీళ్లు పెట్టుకుని క్షమించమన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండా మళ్లీ ఆ రెండో ఇంటికే వెళ్లిపోయాడు. ఆ సంగతి చూడటానికి ఏ కెమెరా రాలేదు. పిల్లకి మాత్రం స్కూలు మార్చాల్సి వచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ యూట్యూబులో ఉంది. దాని కింద నాలాంటి వాళ్లు రాసిన తీర్పులూ ఉన్నాయి.

ఈ విద్య మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో 1991 నుంచి 2018 దాకా నడిచిన జెర్రీ స్ప్రింగర్ షో ఎక్కువకాలం కొట్లాటల మీదే బతికింది. అక్కడే 1995లో జెన్నీ జోన్స్ షోలో, రహస్యంగా ప్రేమిస్తున్నవాళ్లని బయటపెడతామని ఇద్దరు మగవాళ్లని అందరి ముందూ కూర్చోబెట్టారు. మూడు రోజులకి ఒకతను రెండో అతన్ని కాల్చి చంపేశాడు. బ్రిటన్‌లో జెరెమీ కైల్ షోని 2007లోనే ఒక జడ్జిగారు ఎలుగుబంటి మీదకి కుక్కల్ని వదిలే పాతకాలపు ఆటతో పోల్చారు. (మన కోడిపందేలకి కనీసం బరి దాటితే పేరుండదు.) అయినా అది మరో పన్నెండేళ్లు నడిచింది. అబద్ధాలు పట్టే పరీక్షలో తప్పాడని చెప్పిన ఒకతను కొద్ది రోజులకే చనిపోతే 2019లో ఆపేశారు. మన పక్కనే తమిళంలో వచ్చిన 'సొల్వదెల్లాం ఉణ్మై' మీద 2018లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి తాత్కాలికంగా నిషేధం పెట్టింది.

ఇంటిగుట్టు లంకకు చేటని చెప్పి తరతరాలుగా ఆడదాని నోరు నొక్కారు. ఇప్పుడు గుట్టు విప్పమంటూ నోటి ముందు మైకు పెట్టారు. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉందని, అదీ చట్టంలోనే ఉందని మనలో ఎంతమందికి తెలుసు? 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం భార్యాభర్తల్లో ఏ ఒక్కరు కోరినా విచారణ తలుపులు వేసి జరపాల్సిందే. 2005 నాటి గృహహింస చట్టంలోనూ అలా కోరే వీలుంది. లాయరు ఫీజు భయమా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకి, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా లాయర్ని ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. ఫోను చేయాలంటే 181 ఉంది. కారు పంపించరు, నిజమే. మనమే బస్సెక్కి వెళ్లాలి. వాయిదాలూ తప్పవు. ఇవన్నీ ప్రకటన విరామంలోనైనా ఒక్కసారి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ అమ్మాయికి ఈ దారి చెప్పింది వాళ్ల వీధి అంగన్‌వాడీ టీచరు. కేసు ఇంకా తేలలేదు. మొదటి రోజు జడ్జిగారు బయటివాళ్లందర్నీ పంపించేసి తలుపు వేయించారట. ఇక చెప్పమ్మా అంటే, ఆ పిల్ల నోరు తెరవకుండా నాలుగు మూలలా చూసిందట, కెమెరా ఎక్కడ పెట్టారోనని.