సమ్మతి గదిలో ఎవరున్నారు?

హెచ్‌ఐవీ మందుల ట్రయల్స్ వద్దనే హక్కు మనకు లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ చికిత్స (ఏఆర్‌టీ) కేంద్రంలో ఉచితంగా చేతికందే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర వెనక, తమ ఒంటిని పరీక్షకు ఒప్పజెప్పిన వేలాది పాజిటివ్ వ్యక్తులున్నారు. ముందుగానే మందు మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గుతుందని 2011లో తేల్చిన అంతర్జాతీయ అధ్యయనంలో చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. మా భయమల్లా ఈ పరీక్షలకు మనుషుల్ని పోగుచేసే తీరు గురించే.

అదే 2011లో, అప్పటికి గుంటూరు జిల్లాలో ఉన్న పిడుగురాళ్ళ నుంచి పేద మహిళల్ని ఏజెంట్లు డబ్బు ఆశచూపి హైదరాబాద్ తీసుకెళ్ళారు. అక్కడ వాళ్ళ మీద రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షించారు. ఏ మందు ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో తమకు తెలియదని, తిరిగొచ్చాక జబ్బుపడ్డామని వాళ్ళు చెప్పారు. ఆ పరీక్షలు జరిపిన సంస్థ అనుమతిని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి నిలిపేశారు. అంతకు రెండేళ్ళ ముందు ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. టీకా వేయించుకున్న బాలికల్లో జరిగిన మరణాలకు ఆ టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. సమ్మతి తీసుకున్న పద్ధతిని మాత్రం 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఎడ్లపాడు మండలంలో మిల్లు పని ఆగినా, మిరప కోతలు అయిపోయినా కూలి ఇళ్ళలో చేతులాడవు. ఏజెంటుకు కావలసింది సరిగ్గా ఆ రోజులే. హైదరాబాద్ కంపెనీలు ప్రపంచానికంతా హెచ్‌ఐవీ జెనరిక్ మందులు పంపుతున్నాయి. అలాంటి మందు అసలు మందుతో సమానంగా రక్తంలో చేరుతుందో లేదో ముందు ఆరోగ్యవంతుల మీద చూడాలి. ఎంపికలో భాగంగా వాళ్ళకు హెచ్‌ఐవీ పరీక్షా చేస్తారు. ఒకే వ్యానులో వెళ్ళిన పదిమందిలో ఒకణ్ణి మర్నాడే వెనక్కి పంపితే మిగతా తొమ్మిదిమందీ ఏమనుకుంటారు? ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం, సమ్మతి లేనిదే పరీక్షా, పరిశోధనా కుదరవంటుంది. ఫలితం రహస్యంగా ఉంచాలంటుంది. వ్యానులో కూర్చున్నవాళ్ళ నోళ్ళు మూయడం ఏ చట్టానికీ చేతకాదు. కాబట్టి మనుషుల్ని గుంపుగా తరలించడమే ఆపాలి.

మందులు వాడుతున్నవాళ్ళకు ప్రమాదం వేరు. కొత్త మందు కోసమని పాతది ఆపితే, అది పనిచేయకపోతే, వైరస్ మందులకు లొంగని స్థితికి చేరవచ్చు. ట్రయల్ ముగిశాక ఆ మందు ఎవరిస్తారన్నది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. ఏఆర్‌టీ కేంద్రం వైద్యుడికి తెలియకుండా ఎవరూ ఏ ట్రయల్‌లోనూ చేరకూడదు.

2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు కొత్త రసాయనంతో చేసే పరీక్షల్లో నిస్సహాయుల సమ్మతిని వీడియో తీయాలన్నాయి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు మాత్రం ధ్వని రికార్డు చాలన్నాయి. ముఖం దాచాలన్న ఉద్దేశం మంచిదే, మేమూ ఒప్పుకుంటాం. అయితే ఆ గదిలో పక్కనే ఏజెంటు కూర్చున్నాడో లేదో రికార్డు చెప్పదు. అవునన్న గొంతు వినపడుతుంది, ఆ గొంతు ఎవరి వంక చూస్తూ పలికిందో వినపడదు. చదువు రానివాళ్ళకు నిష్పాక్షిక సాక్షి ఉండాలని నిబంధనే చెబుతోంది. ఆ సాక్షిని ఎంచుకునే హక్కు పాల్గొనే మనిషికే ఇవ్వాలి. ఏజెంటు ఆ గుమ్మం తొక్కకూడదు.

ఇంకో చిక్కుంది, ఎవరూ పట్టించుకోనిది. సమ్మతి పత్రం నకలు పాల్గొన్నవాళ్ళ చేతికివ్వాలి. అర్ధరాత్రి ఒళ్ళు పేలిపోయే జ్వరమొస్తే ఊళ్ళో డాక్టరుకు ఏ మందు తీసుకున్నారో చెప్పేది ఆ కాగితమే. కానీ జబ్బు పేరున్న ఆ కాగితాన్ని రెండు గదుల ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు? చాలామంది దారిలోనే చింపేస్తారు, వాళ్ళను తప్పుపట్టలేం. మందు పేరు, ట్రయల్ నమోదు సంఖ్య, పిలవాల్సిన వైద్యుడి ఫోను మాత్రమే ఉన్న చిన్న కార్డు, జబ్బు ఊసు లేకుండా, తెలుగులో ఇవ్వాలి. పూర్తి నకలు ఏఆర్‌టీ కౌన్సెలర్ దగ్గర భద్రంగా ఉండాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ట్రయల్‌కు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఒక షరతుగా రాస్తే చాలు. జిల్లా వైద్యాధికారులు అడగాలి, ఇప్పుడే అడగాలి.