పేరు మారిన చాలునా?

విశాఖపట్టణపు మానసిక వైద్యశాలను గోదావరి జిల్లాల జనులు నేటికిని "పిచ్చాసుపత్రి" యనియే పిలుచుచున్నారు. ఆ మాటకు వెఱచి, పెండ్లిసంబంధములు చెడునని యెంచి, రోగిని ఇంటనే దాచు కుటుంబములు కలవు.

జపానులో స్కిజోఫ్రీనియాకు గల "మనస్సు చీలిన వ్యాధి" యను పేరును, రోగుల కుటుంబములు కోరగా, 2002లో వైద్యసంఘము త్యజించి "సమన్వయలోప వ్యాధి" యని మార్చినది. అంతకు ముందు నూటికి దాదాపు 37 మంది రోగులకే వ్యాధి పేరు తెలుపబడుచుండెను. రెండేండ్లలో ఆ సంఖ్య 70కి చేరెను. తన వ్యాధి నెఱిగిన రోగియే చికిత్సకు తోడ్పడగలడు.

అయినను పేరొక్కటియే చాలదు. 1920వ దశకమున ఆంగ్ల ప్రభుత్వము ఉన్మాదాలయములకు "మెంటల్ హాస్పిటల్" అను మర్యాదగల పేరు పెట్టెను. ఆ "మెంటల్" నేడు మన వీధులలో తిట్టు. దగ్గరి ఆసుపత్రిలో వైద్యుడును మందును లేనిచో ఏ క్రొత్త మాటకైనను అదే గతి పట్టునని మా దృఢాభిప్రాయము.